ఒడిశా గజపతి జిల్లాలో తెలుగు పిల్లలకి కోర్టు పాఠాలు: ఆరు నెలల అనుభవం

పిల్లలకి కోర్టు చూపించమని అడిగే ఉత్తరం జిల్లా జడ్జిగారి పేరిట రాయకండి. మేం చేసిన మొదటి తప్పు అదే. దానికి పట్టిన దండుగ ఇరవై రోజులు.

బడిపిల్లల్ని కోర్టుకి తీసుకెళ్ళాలన్నా, కోర్టువాళ్ళనే బడికి పిలవాలన్నా అడగాల్సింది జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శిని. సంస్థకి అధ్యక్షులు జిల్లా జడ్జిగారే. కానీ కాగితాలు చూసేదీ, తేదీ ఇచ్చేదీ, వకీలుని పంపేదీ కార్యదర్శి. పెద్దాయన పేరిట రాస్తే పని తొందరగా అవుతుందనుకున్నాం. 2024 జూలై 3న ఇచ్చాం. ఆ వెంటనే రథయాత్ర, బాహుడా అనే తిరుగు రథయాత్ర, మొహర్రం. 22న వెళ్ళి కనుక్కుంటే ఉత్తరం సరైన బల్ల మీదికి చేరనేలేదు. తప్పు మాదే కాబట్టి ఎవర్నీ ఏమీ అనలేక తిరిగొచ్చాం.

మర్నాడు, జూలై 23న, రెండోది ఇచ్చాం. ఈసారి హెడ్మాస్టరుగారి లెటర్‌హెడ్ మీద, ఒడియాలో. దానికి జత చేసినవి: తొమ్మిదో తరగతి పిల్లలు 36 మంది పేర్లు, వయసులు, వెంట వచ్చే ఇద్దరు టీచర్లు, అందులో ఒకరు ఆడటీచరు, తల్లిదండ్రుల సంతకాలు, ఏం చూడాలనుకుంటున్నామో రెండు ముక్కలు. ఆ రెండు ముక్కలే ముఖ్యమని తర్వాత తెలిసింది. "కోర్టు చూపించండి" అని ఊరికే రాస్తే గోడలూ లైబ్రరీ చూపించి పంపేస్తారు. "మేజిస్ట్రేటు కోర్టులో పొద్దుటి హాజిరా, ఆ తర్వాత ఒక సాక్షి విచారణ" అని రాశాం. ఆగస్టు 9న అనుమతి వచ్చింది. పదిహేడు రోజులు.

మేం నలుగురం. ఇద్దరు రిటైరైన మేష్టార్లు, న్యాయ సేవా సంస్థ పనుల్లో సాయపడే పారా లీగల్ వాలంటీరు ఒకరు, ఆంధ్రా వైపు కోర్టుల్లో వకీలు గుమాస్తాగా చేసి వచ్చినాయన ఒకరు. పెద్దవాళ్ళని వదిలి పిల్లల్ని ఎందుకు పట్టుకున్నారని చాలామంది అడిగారు. మా వైపు ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా. కోర్టు నుంచి కాగితం వస్తే అది ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. నాన్నకి చదవడం రాదు, వచ్చినా తెలుగే వస్తుంది. ఆ కాగితం చదివేది తొమ్మిదో తరగతి గుంటే. ఆ గుంట "నిన్ను కోర్టుకి రమ్మంటన్నారు" అని ఒక్కముక్కలో చెప్పేసరికి ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు. వచ్చింది ఉత్త సాక్షిగా రమ్మనే సమనే కావచ్చు.

మొదటి ఖర్చు వృథా అయింది. జూన్‌లో 650 రూపాయలు పెట్టి ఫ్లెక్సీ వేయించాం, జనానికి నోట నలిగిన సెక్షన్లన్నీ పెద్ద అక్షరాల్లో. జూలై 1 నుంచి కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చాయి. ఫిబ్రవరిలోనే గెజిట్ వచ్చిన సంగతి మా నలుగురిలో ఏ ఒక్కరూ పట్టించుకోలేదు. 420 పోయి భారతీయ న్యాయ సంహితలో 318 అయింది, 302 పోయి 103 అయింది. అన్నిటికంటే తికమక 144తో. నలుగురు గుమిగూడకూడదనే 144 ఊరూరా తెలుసు. అది ఇప్పుడు పాత నేర విచారణ స్మృతి బదులు వచ్చిన నాగరిక సురక్షా సంహితలో 163. కొత్త చట్టంలో 144 అంటే భార్యాపిల్లలకి, తల్లిదండ్రులకి మనోవర్తి ఇప్పించే సెక్షను, అంటే పాత 125. ఫ్లెక్సీ మడిచి లోపల పెట్టేశాం. అలాగని పాత నంబర్లు మర్చిపోడానికి లేదు. జూలై 1కి ముందు జరిగిన నేరం పాత శిక్షాస్మృతి కిందే నడుస్తుంది, కాబట్టి కోర్టు వరండాలో ఇంకా చాలా ఏళ్ళు రెండు లెక్కలూ వినబడతాయి.

ఆగస్టు 17, 24, 31, మూడు శనివారాలు బళ్ళో పాఠాలు. ఒక్కోటి నలభై నిమిషాలు. మొదటిరోజు రాజ్యాంగంతో మొదలుపెట్టాం. పావుగంటకి వెనక బెంచీ ఆవులించింది. రెండో శనివారం పద్ధతి మార్చి, పేర్లు కొట్టేసిన ఒక పాత సమను జిరాక్సు తీసి తలా ఒకటి ఇచ్చాం. దాంట్లో వెతకాల్సినవి నాలుగే: ఏ కోర్టు, ఏ కేసు నంబరు, ఏ తేదీ, నిన్ను పిలిచింది ఏ హోదాలో. నాలుగోది చూడటం అలవాటైతే ఇంట్లో సగం భయం పోతుంది. ఎందుకంటే సాక్షికీ నిందితుడికీ ఒడియా మాట వేరు. సాక్షి మనకీ వాళ్ళకీ సాక్షే. నిందితుణ్ణి వాళ్ళు అభియుక్త అంటారు.

మాటల దగ్గర మేం ఊహించని చిక్కులు వచ్చాయి. తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. ఇక్కడి పాత గుమాస్తాల నోట ముదేయి అంటే కేసు పెట్టినవాడు. ఒకే మాట, అటూ ఇటూ తలకిందులు. మనం జామీను అంటే పూచీ ఉండటం. ఒడియాలో జామిన్ అంటే బెయిలే. "జామిన్ హెలా" అని వినగానే మనవాళ్ళు ఎవరో పూచీ పడ్డారనుకుంటారు. తీర్పుని వాళ్ళు రాయ అంటారు. అది పిల్లలకి రాయిలా వినబడి నవ్వారు. ఖారజ అంటే కొట్టేశారని. ఒక పెద్దాయన దాన్ని ఖర్చు అనుకుని జేబు తడుముకున్న సంగతి మా గుమాస్తాగారు చెప్పారు. తారిఖ అంటే వాయిదా. ఇవన్నీ నాలుగు నిలువు గళ్ళలో రాశాం: తెలుగు, ఒడియా, ఇంగ్లీషు ఉచ్చారణ, నాలుగోది సవర. సవర పిల్లలు ఐదుగురున్నారు, ఆ గడి వాళ్ళే నింపారు. కొన్నిటికి వాళ్ళ దగ్గర మాట లేదు, అక్కడ ఒడియా మాటే ఉంచేశారు. సవరల మాట నేర్చుకుని వాళ్ళ పిల్లలకి పాఠాలు రాసిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఉన్న ఊరు మా జిల్లా కేంద్రమైన పర్లాకిమిడి. ఆ గడి దాకా మాకు ఆయన గుర్తు రాలేదు, కాస్త సిగ్గేసింది.

కేసు నంబర్ల ముందుండే అక్షరాలూ సరిహద్దు దాటితే మారతాయి. ఆంధ్రాలో సివిల్ దావా ఓ.ఎస్., ఒడిశాలో సి.ఎస్. పోలీసులు పెట్టిన కేసు మేజిస్ట్రేటు ముందు ఆంధ్రాలో సి.సి. అయితే ఇక్కడ జి.ఆర్. ఆంధ్రా వైపు పాతపట్నంలో ఒక కేసు, ఇక్కడ ఒక కేసు ఉన్న కుటుంబాలు మాలో తక్కువేం కాదు. ఒకటి పోయి ఇంకోటి వచ్చిందనుకునేవాళ్ళున్నారు. దీనికి మందు సి.ఎన్.ఆర్. నంబరు, ఒక్కో కేసుకి విడిగా ఉండే గుర్తింపు నంబరు. పదహారు అక్షరాలూ అంకెలూ కలిపి ఉంటుంది: మొదటి నాలుగు అక్షరాలు రాష్ట్రం, జిల్లా, తర్వాత రెండంకెలు కోర్టు, ఆరంకెలు వరస సంఖ్య, చివరి నాలుగు సంవత్సరం. ఈ-కోర్ట్స్ యాప్‌లో అది కొడితే దేశంలో ఏ జిల్లా కోర్టు కేసైనా తర్వాతి తేదీ, దేనికోసం ఆ తేదీ వేశారో కనబడుతుంది. పైసా ఖర్చు లేదు. మూడో శనివారం అంతా దీనికే సరిపోయింది. బడి ఫోను ఒకటి, మేష్టార్ల ఫోన్లు రెండు, వాటి చుట్టూ 36 తలకాయలు. ఈ మూడు వారాలకి జిరాక్సులు తలా ఎనిమిది పేజీలు, పేజీ రెండు రూపాయల లెక్కన 576.

సెప్టెంబరు 4, బుధవారం. బస్సు మాట్లాడి 36 మందినీ ఎక్కించాం, 3,200 రూపాయలు. పదింపావుకి గేటు దగ్గరున్నాం. పదిన్నరకి తెలిసింది, ముందురోజు రాత్రి ఒక సీనియరు వకీలుగారు పోయారని. సంతాప సభ పెట్టి ఆ రోజుకి పని ఆపేస్తారు. ఇది చాలా కోర్టుల్లో ఆనవాయితీ. తిట్టుకోడానికి లేదు, చావు కబురు. పిల్లలు వరండాలో నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించారు, బస్సెక్కారు. ఆ 3,200 ఎవరు భరించాలో మాలో మాకు కొంచెం మాటా మాటా వచ్చింది కూడా. పొద్దున్నే ఎనిమిదింటికి బార్ అసోసియేషన్‌లో తెలిసినాయనకి ఒక్క ఫోను చేసుంటే మిగిలిపోయేవి.

రెండోసారి సెప్టెంబరు 18, 19, 20. రోజుకి పన్నెండు మంది. కోర్టు హాలు మీరు సినిమాల్లో చూసినంత ఉండదు. కక్షిదారులకి వెనక ఉండేవి మూడో నాలుగో బల్లలు. వాళ్ళ చోట్లో ముప్పై ఆరు మంది స్కూలు పిల్లల్ని కూచోబెడితే కేసున్నవాళ్ళు గోడకి నిలబడాలి. ట్రెక్కరుకి రోజుకి 1,400, పిల్లలకి టిఫినుకి రోజుకి 300. ఫోన్లన్నీ ఒక సంచిలో వేసి బయట ఒక టీచరు దగ్గర ఉంచాం. జడ్జిగారు వచ్చినప్పుడు లేవాలి, మాట్లాడకూడదు, నవ్వకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు. ఇవన్నీ ముందే చెప్పాం. చెప్పనిది ఒకటుంది, దానికి తర్వాత వస్తాను.

కోర్టు అందరికీ తెరిచిన చోటే, ఎవరైనా వెళ్ళి కూచోవచ్చు. నాగరిక సురక్షా సంహిత 366 అదే చెబుతుంది. అయితే అత్యాచారం కేసులు, పిల్లల మీద లైంగిక నేరాల కేసులు తలుపులు మూసి విచారిస్తారు. ఏ హాలు ఎప్పుడు ఖాళీ చేయాలో ముందురోజే పేష్కారుని అడిగి రాసుకోండి. పేష్కారంటే జడ్జిగారి ముందు కింద బల్ల దగ్గర కూచునే బెంచి గుమాస్తా.

మొదటి బ్యాచికి అంతా నీరసం. పిలుపు, హాజిరా, తారిఖ. పిలుపు, హాజిరా, తారిఖ. గంటలో ఇరవై పైగా కేసులు అలాగే పోయాయి. "ఎవరూ వాదించనేదు మేష్టారూ" అన్నాడొకడు బయటికొచ్చాక. ఆ మాటకి మాలో ఒకాయన "మన న్యాయవ్యవస్థ చాలా గొప్పది, ఓపిక కావాలి" అని మొదలెట్టబోయాడు. మేం ఆపేశాం. ఇలాంటి కార్యక్రమాలు చెడేది అక్కడే. పిల్లలు కళ్ళారా చూసినదాన్ని కాదని పొగడ్త మొదలుపెడితే ఇంక మనం చెప్పే నిజాన్నీ నమ్మరు.

రెండో బ్యాచికి ఒక కాగితం ఇచ్చాం. ఐదు గళ్ళు: కేసు రకం, ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, దేనికోసం వాయిదా, తర్వాతి తేదీ. పెన్సిలు చేతికొచ్చేసరికి అదే గంట ఇంకోలా గడిచింది. బయటికొచ్చి గళ్ళు చదివితే కారణాలు వాళ్ళంతట వాళ్ళే చెప్పారు. ఒకదాంట్లో సాక్షి రాలేదు. ఒకదాంట్లో పరీక్షకి పంపిన వస్తువు రిపోర్టు రాలేదు. ఒకదాంట్లో వకీలుగారు పక్క హాల్లో ఇంకో కేసులో ఉన్నారు. రెండిట్లో సమను అందకుండానే తిరిగొచ్చింది. సివిల్ కేసు విచారణలో ఒక పక్షానికి మూడు వాయిదాలకి మించి ఇవ్వకూడదని సివిల్ ప్రొసీజర్ కోడు 17వ ఆర్డరులో ఉంది. అదీ చెప్పాం, తగిన కారణం ఉందని కోర్టు అనుకుంటే అంతకు మించీ ఇస్తుందని కూడా చెప్పాం. వాళ్ళు అడిగారు, ఆ కారణం ఎవరు చూస్తారని. ఆర్డరు షీటులో రాస్తారు, నకలు తీసుకుని చదువుకోవచ్చు, అన్నాం.

సమను తిరిగి రావడం మా వైపు మరీ ఎక్కువ తగిలే సంగతి. ప్రతివాది పాతపట్నంలో ఉంటాడు, ఆటోలో వెళ్ళే దూరం. కానీ అది వేరే రాష్ట్రం. కోర్టు మనిషి నేరుగా వెళ్ళి ఇచ్చి రాడు. సివిల్ ప్రొసీజర్ కోడు 28వ సెక్షను ప్రకారం సమను అక్కడి కోర్టుకి వెళ్ళి, అక్కడి మనిషి చేత అంది, రికార్డు తిరిగి రావాలి. ఆ రికార్డు భాష వేరైతే హిందీ లేదా ఇంగ్లీషు అనువాదం జత కావాలి. పోస్టు దారి కూడా ఉంది గానీ చిరునామా సరిగ్గా లేకపోతే అదీ వెనక్కే. కాబట్టి దావా వేసేటప్పుడే ఎదుటివాళ్ళ ఇంటి నంబరు, వీధి, తండ్రి పేరు, పిన్‌కోడు పూర్తిగా ఇవ్వాలి. "ఫలానావాళ్ళు, పాతపట్నం" అని రాసి ఊరుకుంటే తప్పు ఎవరిది?

సాక్షి విచారణ దొరికింది మూడో బ్యాచికి. ఒక పెద్దావిడ బోనులో నిలబడింది. వడ్ల బస్తాలు పోయిన కేసు. ప్రశ్న ఒడియాలో, ఆవిడ జవాబు తెలుగులో. పక్కనున్న ఒక గుమాస్తా తనే ఒడియాలో చెప్పబోతే జడ్జిగారు చెయ్యెత్తి ఆపారు. ఆ కేసుతో సంబంధం లేని ఒకర్ని పిలిపించి, ఉన్నది ఉన్నట్టు అనువదిస్తానని ముందు ఆయన చేత ప్రమాణం చేయించారు. సాక్షితో పాటు దుబాసీ కూడా ప్రమాణం చేయాలని 1969 నాటి ప్రమాణాల చట్టంలో ఉంది. మాలో ముగ్గురికి ఆ సంగతి తెలీదు. అంతా అయ్యాక టైపు చేసిన వాంగ్మూలాన్ని ఆవిడకి తెలుగులో చదివి వినిపించారు. ఆవిడ ఒకచోట ఆపింది. "పది కాదు బాబూ, పన్నెండు బస్తాలు. నాను పన్నెండే సెప్పినాను." జడ్జిగారు టైపిస్టు వైపు చూశారు. దిద్దారు. మళ్ళీ చదివారు. ఆవిడ తలూపి వేలిముద్ర వేసింది.

ఇలా చదివి వినిపించడం పాత నేర విచారణ స్మృతిలో 278, కొత్త నాగరిక సురక్షా సంహితలో 313. నిందితుడికి తెలియని భాషలో సాక్ష్యం నడిస్తే అతనికి తెలిసిన భాషలో, తెరిచిన కోర్టులో చెప్పాలన్నది 314. మేం ఈ నంబర్లు తర్వాత బోర్డు మీద రాశాం. తిరుగు దారిలో ట్రెక్కరులో పిల్లలు మాట్లాడింది మటుకు పన్నెండు బస్తాల గురించే. మళ్ళీ మళ్ళీ ఆ గొంతుతోనే "పది కాదు బాబూ" అని నవ్వుకుంటూ ఊరు చేరారు.

ఇక చెప్పనిది. రెండో రోజు, హాజిరా జరుగుతుండగా ఒక అమ్మాయి తల దించుకుని కాగితం మీద రాయడం ఆపేసింది. బోనులో నిలబడినాయన వాళ్ళకి బాగా దగ్గరివాడు. పక్కపిల్లలకీ తెలుసు. టీచరమ్మ గమనించి ఆ పిల్లని మంచినీళ్ళ వంకన బయటికి తీసుకుపోయింది. మా నలుగురికీ ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు. చిన్న ఊళ్ళో కోర్టు చూపించడమంటే ఎవరో ఒకరి ఇంటి గుట్టు చూపించడమే అవుతుందని మాకు ముందే తట్టాల్సింది. మూడో రోజు నుంచి పద్ధతి మార్చాం: ముందురోజు సాయంత్రం ఆ కోర్టు కాజ్‌లిస్టు, అంటే మర్నాడు పిలిచే కేసుల జాబితా, యాప్‌లో తీసి హెడ్మాస్టరుగారూ క్లాసుటీచరూ చదువుతారు. తెలిసిన పేరుంటే ఆ పిల్ల వేరే రోజు బ్యాచిలో వస్తుంది. కారణం ఎవరికీ చెప్పరు.

అక్టోబరంతా పూజ సెలవులు, పరీక్షలు.

నవంబరు 9, శనివారం సాయంత్రం మహిళా సంఘం ఇంట్లో తల్లులతో కూచున్నాం. న్యాయ సేవాధికారాల చట్టం 1987లో చేసినా అమల్లోకి వచ్చింది 1995 నవంబరు 9న, అందుకే ఆ రోజు దేశమంతా కార్యక్రమాలు పెడతారు. ఒక వకీలుగారు కూడా వచ్చారు. ఆరుంటికన్నాం, ఏడున్నరకి నిండింది. ఎవరూ భాషణాలు వినడానికి రాలేదు. మొదటి ప్రశ్నే: "కాయితం కదపడానికి ఇచ్చే డబ్బు ఎక్కడ రాత్తారు బాబూ?" వకీలుగారు ఒక్క క్షణం మా మొహాలు చూశారు. ఆయన దాటవేయలేదు. కోర్టు ఫీజుకి స్టాంపు ఉంటుంది, నకలుకి రసీదు ఉంటుంది, స్టాంపూ రసీదూ లేకుండా ఎవరు అడిగినా అది ఫీజు కాదు, అడిగినవాళ్ళ పేరూ తేదీ రాసి జిల్లా జడ్జిగారికి ఫిర్యాదు ఇవ్వొచ్చు అన్నారు. "ఇత్తే మా కేసు ఏటవుద్ది?" అని ఇంకొకావిడ. ఆ భయం ఉత్తదేనని ఆయన అనలేదు. న్యాయ సేవా సంస్థ ద్వారా ఫిర్యాదు పెడితే మీ వకీలు పేరు బయటికి రాదు, అంతవరకే నేను చెప్పగలను, అన్నారు. ఆ తర్వాతే మిగతావాళ్ళు నోరు విప్పారు.

ఉచిత వకీలు గురించి మా దగ్గర ఉన్న కరపత్రం ఎవరూ చదవలేదు. "ఉత్తిగా వచ్చే వకీలు ఉత్తి వకీలే" అని ఒక ముసలమ్మ తేల్చేసింది. ఆడవాళ్ళకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, జైల్లో ఉన్నవాళ్ళకి, వికలాంగులకి ఆదాయంతో పని లేకుండా వకీలుని ఇస్తారని ఆ న్యాయ సేవాధికారాల చట్టం 12వ సెక్షను. కోర్టు ఫీజు, టైపు, నకళ్ళ ఖర్చు కూడా సంస్థదే. వకీలు సరిగ్గా రాకపోతే మార్చమని అడిగే హక్కుంది, దానికి ఒక తెల్లకాగితం చాలు. ఆ చివరి మాట చెప్పాకే ఇద్దరు పేర్లిచ్చారు. ఫోను మీద అడగాలంటే 15100, డబ్బులు పడవు.

ఎక్కువసేపు పట్టింది ఏ కోర్టు అన్న ప్రశ్న. మెట్టినిల్లు ఆంధ్రాలో, పుట్టిల్లు ఒడిశాలో, పొలం ఇంకోచోట. వకీలుగారు బోర్డు మీద రాయకుండా ఒక్కొక్కరి కథ విని చెప్పారు. భూమి తగాదా అయితే భూమి ఎక్కడుందో అక్కడి కోర్టే, మనిషి ఎక్కడున్నా సరే. మనోవర్తికి భార్య ప్రస్తుతం ఉంటున్న చోటే వేసుకోవచ్చు, భర్త ఊరికి పరిగెత్తనక్కర్లేదు. గృహహింస కేసు తాత్కాలికంగా తలదాచుకున్న ఊళ్ళో కూడా చెల్లుతుంది. రోడ్డు ప్రమాదం నష్టపరిహారం ప్రమాదం ఎక్కడ జరిగినా బాధితులు ఉంటున్న చోట అడగొచ్చు. చెల్లని చెక్కు కేసు డబ్బు రావాల్సినవాళ్ళ ఖాతా ఉన్న బ్యాంకు బ్రాంచిని బట్టి. ఒకావిడ మనోవర్తి కోసం ప్రతి వాయిదాకీ ఆంధ్రా వైపు బస్సులో వెళ్ళొస్తోంది, రెండేళ్ళుగా. ఇక్కడే వేసుకోవచ్చని ఎవరూ చెప్పలేదట. "అలాగైతే ఇన్ని రోజుల కూలి పోనాది కదా బాబూ" అంది, పెద్దగా కోపం కూడా లేకుండా.

గోడవార కూచున్న ఒక తాతగారు, వాళ్ళ ముత్తాత భూమి కేసు మద్రాసు దాకా వెళ్ళిందని చెప్పుకొచ్చారు. ఆశ్చర్యం లేదు. 1936 ఏప్రిల్ 1 దాకా ఈ ప్రాంతానికి హైకోర్టు మద్రాసే. ఒడిశా ఏర్పడ్డాక పాట్నా అయింది. కటక్‌లో సొంత హైకోర్టు వచ్చింది 1948 జూలై 26న. పన్నెండేళ్ళలో మూడు ఊళ్ళు. కోర్టంటే ఎక్కడో దూరాన తెలీని భాషలో జరిగే వ్యవహారమని మా పెద్దవాళ్ళు అనుకోవడంలో వింతేం లేదు.

డిసెంబరులో జాతీయ లోక్ అదాలత్. తల్లుల మీటింగులో పేర్లిచ్చినవాళ్ళలో నలుగురు దానికి పనికొచ్చే తగాదాలున్నవాళ్ళు: రెండు బ్యాంకు బాకీలు, ఒక కరెంటు బిల్లు, ఒక చెక్కు కేసు. ఇక్కడ మళ్ళీ మాది పొరపాటు. ఇంకా కోర్టుకి ఎక్కని తగాదా అయితే ముందే దరఖాస్తు ఇవ్వాలి, ఎదుటివాళ్ళకి నోటీసు వెళ్ళి వాళ్ళు రావాలి. మేం వారం ముందు ఇచ్చాం. ఒక బ్యాంకుకి నోటీసు అందేసరికి ఆ రోజు దాటిపోయింది. మూడు వారాల ముందు ఇవ్వండి.

బల్ల దగ్గర చూడాల్సింది ఒకటే, కానీ గట్టిగా చూడాలి. లోక్ అదాలత్‌లో రాజీ కాగితం మీద సంతకం పడితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కోర్టులో నడుస్తున్న కేసు అయితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. ఆ రోజు ఒకాయన బాకీ వాయిదాల పద్ధతిలో ఒప్పుకున్నాడు. కాగితం ఇంగ్లీషులో ఉంది. సంతకం పెట్టబోతుంటే వాళ్ళబ్బాయి, మా మూడో బ్యాచి కుర్రాడు, చెయ్యి పట్టుకుని ఆపాడు. "చదివి వినిపించమను నాన్నా." బెంచి మీదున్నాయన చిరాకు పడకుండా ఒక్కో లైనూ చెప్పించారు. మొదటి కిస్తీ తేదీ జనవరి 5 అని ఉంది. వీళ్ళకి వడ్ల డబ్బు సంక్రాంతి తర్వాత గాని రాదు. ఫిబ్రవరి 5కి మార్చి రాశారు. రెండు నిమిషాల పని.

ఖర్చు లెక్క అడిగినవాళ్ళ కోసం: ఫ్లెక్సీ 650, జిరాక్సులు 576, వృథా బస్సు 3,200, ట్రెక్కరు మూడు రోజులకి 4,200, టిఫిన్లు 900. మొత్తం 9,526. ఫ్లెక్సీ, బస్సు తీసేస్తే 5,676లో అయిపోయేది.

పక్క ఊరి బడి వాళ్ళు అడిగారు. 2025 జనవరి 6న ఉత్తరం ఇచ్చాం, కార్యదర్శి పేరిట, ఒడియాలో, రెండు కాపీలు. రెండోదాని మీద తేదీ వేసి ముద్ర కొట్టించుకున్నాం.